నిమ్మకాయ మీద రోబో

మా ల్యాబుకు రోబో వచ్చింది. 96 గుంటల ప్లేటులో 96 రకాల రీకాంబినెంట్ ప్రొటీన్లను, అంటే సూక్ష్మజీవిలో పరాయి జన్యువు పెట్టి చేయించే ప్రొటీన్లను, మనిషి చెయ్యి పడకుండా వండి వారుస్తుందట. ఇక సైన్సును ఆపలేరని పెద్దసారు సెలవిచ్చారు. నిజమే, మొదలైతే కదా ఆపడానికి!

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. పసుపు, కుంకుమ, బంతిపూల దండ. చక్రం కింద నిమ్మకాయ పెడదామంటే దీనికి చక్రాల్లేవు. చెయ్యి కింద పెట్టారు. కొబ్బరికాయ మాత్రం బయట కొట్టండి బాబూ అని కంపెనీ ఇంజినీరు దణ్ణం పెట్టాడు. మీట నొక్కగానే చెయ్యి గంభీరంగా లేచి, ఎనిమిది టిప్పులు (ద్రవం పీల్చే ప్లాస్టిక్ మొనలు) తొడుక్కుని, తిన్నగా వెళ్లి నిమ్మకాయలో దిగబడింది. డెమో అనుకుని అందరూ చప్పట్లు కొట్టారు. ఎర్రర్ ఎర్రర్ అని స్క్రీను మొత్తుకుంటుంటే స్వీట్లు పంచారు. వార్షిక నివేదిక అట్ట మీద ఆ ఫొటోయే. నిమ్మకాయ స్పష్టంగా పడింది.

వారానికి టిప్పులు అయిపోయాయి. ఆ కంపెనీవే కావాలి, వేరేవి పట్టవు. యంత్రానికి పద్దు ఉంది, టిప్పులకు లేదు. ఏనుగును కొని అంకుశానికి వెనకాడటమంటే ఇదే.

ఇప్పుడు రోబో దుప్పటి కప్పుకుంది. పక్క బల్ల దగ్గర మా స్కాలరమ్మాయి బొటనవేలితో పైపెట్ నొక్కుతోంది. బాక్టీరియా ఎంత చిక్కగా పెరిగిందో చెప్పే ఓడీ 0.6 అయ్యేదాకా కాచుకుని, ప్రొటీన్ తయారీని మొదలెట్టించే ఐపీటీజీ మందు వేసి, షేకర్‌ను 37 నుంచి 18 డిగ్రీలకు దించి రాత్రంతా జాగారం. తెల్లారి ఈ.కోలై బాక్టీరియాను పగలగొడితే బెండకాయ జిగురులాంటి డీఎన్‌ఏ. ప్రొటీనేమో విరిగిన పాలలా అడుగున ముద్దయి కూర్చుంది. ఇదే నిర్వాకం రోబో అయితే ఒక్క పూటలో 96 సార్లు చేసేది.

"2 మిల్లీలీటర్లలో ప్రొటీన్ వచ్చింది కదా, 5 లీటర్లలో రెండున్నర వేల రెట్లు రావాలి" అని పెద్దసారి లెక్క. బాక్టీరియాను పెంచే పెద్ద తొట్టి, ఫెర్మెంటర్‌లో ఆక్సిజన్ అందక బాక్టీరియాకు ఊపిరాడదు సార్. ఇంట్లో కుదిరిన ఉప్మా పెళ్లి డేగిసాలో అడుగంటుతుందని వంటవాళ్లకైనా తెలుసు.

1997లో ఈస్ట్‌తో దేశపు తొలి రీకాంబినెంట్ హెపటైటిస్ బి టీకాను మార్కెట్లోకి తెచ్చింది మన హైదరాబాదే. చేసింది మనుషులు. ఇవాళ ఈ పిల్లకు ఫెలోషిప్ నెలకు 37,000, కాగితం మీద. నాలుగు నెలలుగా పైసా పడలేదు. రోబో ఏఎంసీ (ఏటా కట్టే మరమ్మతు కాంట్రాక్టు సొమ్ము) మాత్రం ఏడాదికి ముందే కట్టేశారు! బొటనవేలికి కట్టు కట్టుకుని వచ్చి, మెస్సు బిల్లుకు అప్పడుగుతోందండీ ఆ పిల్ల. సిగ్గుందా మనకు?

మొన్న ఆడిట్‌వాళ్లు దుప్పటి ఎత్తించారు. ఎండిన నిమ్మకాయను ఏ పద్దులో రాశారన్నారు. కన్స్యూమబుల్స్ (టిప్పుల్లాంటి వాడి పారేసే సరుకు) అన్నాం. దానికి నిధుల్లేవుగా, ఎలా కొన్నారని మెమో ఇచ్చి వెళ్లారు.