రాతిలో కప్పకు తిండి పెట్టిందెవరు?

మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఈ మెసేజ్ రావడం ఈ ఏడాది ఇది మూడోసారి. ఈసారి పంపింది పెద్దమావయ్య. మీకూ వచ్చే ఉంటుంది. శివాజీ కోట కట్టిస్తున్నాడు. వేలమంది కూలీలు పనిలో ఉన్నారు. ఇంతమందికి నేనే కదా అన్నం పెడుతున్నాను అని రాజుగారికి కాస్త గర్వం. అంతలో సమర్థ రామదాసు వచ్చి ఒక బండ చూపించి పగలగొట్టమంటాడు. బండ రెండు చెక్కలవుతుంది. లోపల తొర్ర, తొర్రలో కాసిని నీళ్లు, నీళ్లలో బతికున్న కప్ప. "దీనికీ నువ్వే పెడుతున్నావా?" అంటాడు స్వామి. రాజు తల దించుకుంటాడు.

కథ అక్కడ ఆగితే నాకు పేచీ లేదు. మెసేజ్ ఆగదు. రాతిలో కప్పకు తిండి పెట్టినవాడు నీకు పెట్టడా అంటుంది. పక్షికి ఉద్యోగం ఉందా, కొండచిలువ ఎవరి దగ్గరైనా కొలువు చేస్తోందా అంటుంది. గీతలో భగవంతుడే మాట ఇచ్చాడంటుంది. నారు పోసినవాడు నీరు పోయడా అంటుంది. చివరికి, కష్టపడితేనే కడుపు నిండుతుందనుకోవడం అహంకారం, టెన్షన్ మానేసి నమ్మకం పెంచుకో, ఈ మెసేజ్ పదిమందికి పంపు అని ముగుస్తుంది. కింద పదిహేను దండాలు.

దేవుడి మీద నమ్మకం వద్దని చెప్పడానికి నేనిది రాయడం లేదు. మా ఇంట్లోనూ దీపం వెలుగుతుంది. కానీ ఈ మెసేజ్‌లో ఒక్కో మాటా పట్టుకుని చూస్తే దేవుడి గొప్పతనం కన్నా చెప్పినవాళ్ల బద్ధకమే ఎక్కువ కనిపిస్తోంది.

కప్పతోనే మొదలుపెడదాం, మెసేజ్‌కి అదే పునాది కాబట్టి.

మూసుకుపోయిన రాతిలో కప్ప బతుకుతుందనే మాట మనకొక్కరికే లేదు. యూరప్‌లోనూ వందల ఏళ్లు చెప్పుకున్నారు. గనిలో రాయి పగలగొడితే కప్ప దూకిందని పత్రికల్లో కూడా రాసేవారు. ఆక్స్‌ఫర్డ్‌లో భూగర్భశాస్త్రం చెప్పే విలియం బక్లండ్‌కి ఇది తేల్చెయ్యాలనిపించింది. ఆయన మతగురువు కూడా, నాస్తికుడేం కాదు. 1825 నవంబరు 26న రెండు పెద్ద రాతి దిమ్మెలు తీసుకున్నాడు. ఒకటి గాలీ తేమా కాస్త చొరబడే సున్నపురాయి, రెండోది గట్టి ఇసుకరాయి. ఒక్కోదాంట్లో పన్నెండేసి గుంటలు తొలిపించి, గుంటకొకటి చొప్పున మొత్తం 24 కప్పల్ని దింపాడు. పైన గాజుబిళ్ల పెట్టి, అంచుల చుట్టూ బంకమట్టితో మెత్తి, ఇంటి తోటలో మూడడుగుల లోతున పాతిపెట్టాడు.

ఏడాది దాటాక, 1826 డిసెంబరు 10న తవ్వి చూశాడు. ఇసుకరాయిలో పెట్టినవన్నీ చచ్చి ఎప్పుడో కుళ్లిపోయాయి. సున్నపురాయిలో చిన్నవి పోయాయి, పెద్దవి చాలావరకు బతికున్నాయి. బతికినవాటిని తూచాడు. రెండు తప్ప అన్నీ చిక్కిపోయాయి. బరువు పెరిగిన రెండింటిలో ఒకదాని మీది గాజుబిళ్లకి పగులు కనిపించింది. ఆ పగుల్లోంచి పురుగులు దూరి ఉంటాయని బక్లండ్ అనుకున్నాడు. బతికినవాటిని మళ్లీ మూసి పాతాడు. మధ్యమధ్యలో తీసి గాజులోంచి చూస్తే అవి నిద్రపోవడం లేదట, కళ్లు తెరుచుకునే ఉన్నాయట. రెండో ఏడాది తిరక్కుండానే అన్నీ చచ్చిపోయాయి.

ఆ తెరుచుకున్న కళ్ల సంగతి చదివినప్పటి నుంచి ఈ మెసేజ్ కింద దండం పెట్టడానికి నాకు చెయ్యి రావడం లేదు.

మరి రాయి పగిలితే కప్ప బయటికొచ్చిందని చెప్పినవాళ్లంతా అబద్ధాలాడారా? అక్కర్లేదు. బక్లండ్ చెప్పిన కారణమే సబబుగా ఉంది. పిల్లగా ఉన్నప్పుడు సన్నటి సందులోంచి లోపలికి దూరుతుంది. చల్లగా తేమగా ఉంటుంది, పురుగూ పుట్రా కూడా అదే సందులోంచి వస్తాయి. తింటుంది, పెరుగుతుంది, ఇక బయటికి రాలేదు. రాయి కొట్టేవాడికి సందు కనపడదు, కప్ప కనపడుతుంది. సహ్యాద్రి కోటల కింద ఉన్న నల్లరాయి ఆరేడు కోట్ల ఏళ్ల కిందట వెయ్యి డిగ్రీలు దాటిన లావాగా పారి గడ్డకట్టింది. అది రాయి అవుతున్నప్పుడే కప్ప లోపల ఇరుక్కుందంటే, అది కప్ప కాదు, బొగ్గు.

మా ఊళ్లో బావుల పని చేసిన వడ్డెర మేస్త్రీ ఒకాయన్ని చిన్నప్పుడు ఇదే అడిగాను. ఆయన సమ్మెట కింద పెట్టి, బీడీ వెలిగించుకుని అన్నాడు: "బీట లేని రాయిలో కప్పని నేనైతే చూళ్లేదు బాబూ. బీటుంటే కప్పేం ఖర్మ, తేళ్లూ జెర్రులూ కూడా ఉంటాయి." నలభై ఏళ్లు రాయి కొట్టిన మనిషి మాట అది. కథలో కూడా ఆ బండని పగలగొట్టింది స్వామి కాదు, రాజు కాదు. సమ్మెట పట్టుకున్న కూలీ ఒకడు ఉండే ఉంటాడు. వాడి పేరు ఏ మెసేజ్‌లోనూ లేదు.

ఇంకొకటి. తొలకరి పడగానే పొలాల్లో బోదురు కప్పలు ఒక్కసారిగా బెకబెకమంటూ లేస్తాయి కదా, ఎండాకాలమంతా అవి మట్టిలో లోతుగా తిండి లేకుండానే పడి ఉంటాయి. ఎవరు పెట్టారు? వాన రోజుల్లో దొరికిన ప్రతి పురుగునీ మింగి, ఒంట్లో కొవ్వు దాచుకుని, ఆ తర్వాత ఒంటి ఖర్చు బాగా తగ్గించుకుని బతుకుతాయి. దాన్ని మనం పొదుపు అంటాం.

ఇక పక్షికి ఉద్యోగం లేదన్న మాట. ఇది రాసినవాళ్లు గిజిగాడు గూడు అల్లుతుంటే ఒక్క పూటైనా నిలబడి చూసి ఉండరు. గడ్డి ఆకుని అంచున కొరికి, పట్టుకుని ఎగిరి, పొడుగాటి నారలా చీల్చుకుని తెచ్చి, ముడి వేసి, మళ్లీ వెళ్తుంది. ఒక గూటికి అలా వందల సార్లు తిరుగుతుంది. సగం అల్లాక ఆడపక్షి వచ్చి చూసి నచ్చలేదని వెళ్లిపోతే మొత్తం వదిలేసి ఇంకోటి మొదలుపెడుతుంది. మన ఆఫీసుల్లో ఇంతకన్నా సుఖమే. పైగా చిన్న పక్షుల్లో పుట్టినవాటిలో సగానికి పైగా మొదటి ఏడాది గడవకుండానే పోతాయి. ఆ లెక్క మెసేజ్‌లో ఎందుకు ఉంటుంది?

పక్షుల మాట బైబిల్లోనూ ఉంది, అవి విత్తవు, కొయ్యవు, అయినా దేవుడు పోషిస్తాడని. అదే బైబిల్లో పౌలు పని చెయ్యనివాడు తినకూడదని రాశాడు, తను డేరాలు కుట్టి బతికాడు. ముస్లింలు చెప్పుకునే ప్రవక్త మాటలోనూ పక్షులు పొద్దున్నే ఖాళీ కడుపుతో బయల్దేరి సాయంత్రం నిండు కడుపుతో వస్తాయి. బయల్దేరి, అన్నది గమనించాలి.

కొండచిలువ వాక్యం మలూక్‌దాస్ అనే హిందీ భక్తకవి దోహాలోది. అజగరం చాకిరీ చెయ్యదు, పక్షి పని చెయ్యదు, అందరికీ ఇచ్చేవాడు రాముడే అని. కవి మాట కవి మాటే, కాదనను. కానీ కొండచిలువ వారాల తరబడి కదలకుండా పొంచి ఉండటం పని కాదంటే రాత్రి కాపలావాడిది కూడా పని కాదు. ఒక పెద్ద వేట మింగాక బర్మా కొండచిలువ గుండె రెండు మూడు రోజుల్లో నలభై శాతం దాకా పెరుగుతుందని శాస్త్రవేత్తలు కొలిచారు. దానికి అరిగించుకోవడమే పెద్ద చాకిరీ.

గీత సంగతి. మెసేజ్‌లో ఉన్నది తొమ్మిదో అధ్యాయంలోని 'యోగక్షేమం వహామ్యహమ్'. ఎప్పుడూ నన్నే తలుచుకుంటూ కొలిచేవాళ్ల యోగక్షేమాలు నేనే మోస్తానని శ్రీకృష్ణుడి మాట. మంచిదే. మరి అదే కృష్ణుడు అదే అర్జునుడికి మూడో అధ్యాయం ఎనిమిదో శ్లోకంలో ఏం చెప్పాడు? 'శరీరయాత్రాపి చ తే న ప్రసిద్ధ్యేదకర్మణః'. పని చెయ్యకపోతే నీ ఒళ్లు గడవడం కూడా కుదరదని. ఫార్వర్డ్ చేసేవాళ్లకి తొమ్మిదో అధ్యాయం దొరికింది, మూడోది దాటుకునే వెళ్లారు. అన్నట్టు ఎల్ఐసీ గుర్తు మీద రాసి ఉండేది కూడా యోగక్షేమం వహామ్యహమే. ప్రీమియం కట్టడం మానేసి చూడండి, ఎవరు వహిస్తారో తెలుస్తుంది.

నారు పోసినవాడు నీరు పోయడా అన్నది మన సొంత సామెత, దాన్ని ఇలా వాడటం నాకు కాస్త కష్టంగానే ఉంది. అది రైతు నోట పుట్టిన మాట. నారుమడి దున్ని, దమ్ము చేసి, మొలకలు చల్లి, రాత్రి లేచి మడవ తిప్పినవాడు ఆ మాటన్నాడు. ఇంత చేసినవాడు నీళ్లు పెట్టకుండా వదిలేస్తాడా అని. దేవుణ్ణి కూడా పని చేసే రైతుగానే ఊహించుకున్నారు మనవాళ్లు, పడుకున్నవాడిగా కాదు. అసలు నీళ్ల సంగతికొస్తే, 1833 కరువులో గుంటూరు సీమ ఎలా మాడిందో తెలుసు కదా. గోదావరికి ధవళేశ్వరం దగ్గర 1852కి ఆనకట్ట పూర్తయ్యాకే డెల్టాకి కాలవ నీళ్లు వచ్చాయి. ఇప్పటికీ గోదావరిలో కాటన్ దొరకి తర్పణం వదిలేవాళ్లున్నారు. దేవుణ్ణి తలుచుకుంటూనే రాళ్లు పేర్చినవాణ్ణి కూడా తలుచుకుంటారు. నాకు ఆ లెక్క నచ్చుతుంది.

అన్నిటికన్నా నాకు కోపం తెప్పించేది చివరి వాక్యం, నమ్మకం ఉంటే చాలు అన్నం అదే వస్తుందన్నది. దాని అవతలి అర్థం ఆలోచించారా? అన్నం రానివాడికి నమ్మకం లేదనేగా?

శివాజీ పుట్టింది 1630లో. సరిగ్గా ఆ ఏడే దక్కన్‌లో మహా కరువు మొదలై 1632 దాకా జనాన్ని మింగింది. పుణె దగ్గర దేహూలో చిన్న వ్యాపారం చేసుకునే కుటుంబం ఒకటి ఆ కరువులో చితికిపోయింది. ఇంటి ఇల్లాలు అన్నం అన్నం అంటూ ప్రాణం విడిచింది. ఆ భర్త తర్వాత ఒక అభంగంలో దాచుకోకుండా చెప్పుకున్నాడు, కరువులో డబ్బు పోయింది, పరువు పోయింది, భార్య అన్నం అన్నం అంటూ చచ్చిపోయిందని. ఆయన పేరు తుకారాం. పండరి విఠలుణ్ణి అంతగా నమ్మిన మనిషి ఇంకొకరిని చూపించండి. రాతిలో కప్పకి పెట్టినవాడు తుకారాం భార్యకి ఎందుకు పెట్టలేదు? దీనికి పది దండాల బొమ్మలు జవాబు కాదు.

అసలు ఆ కథ ఎవరికి చెప్పింది? రాజుకి. నేనే పెడుతున్నానన్న గర్వం ఉన్నవాడికి, నీ చేతిలో ఉన్నది నీది కాదని చెప్పడానికి. రామదాసు కూలీల దగ్గరికి వెళ్లి పారలు పడెయ్యమనలేదు. గిన్నె నిండుగా ఉన్నవాడికి చెప్పాల్సిన కథని గిన్నె ఖాళీగా ఉన్నవాడికి పంపుతున్నాం. జరిగిన మోసం అంతా ఇక్కడే ఉంది. గ్రూపుల్లో దీన్ని పంపేవాళ్లని చూడండి, పింఛను వస్తున్నవాళ్లే ఎక్కువ. ఉద్యోగం ఊడిన కుర్రాడు పంపడం నేను చూళ్లేదు.

భక్తీ, అన్నం పెట్టిన చెయ్యీ ఒక్కచోట చూడాలంటే కోనసీమలో లంకల గన్నవరం డొక్కా సీతమ్మ గారు ఉన్నారు. 1909లో పోయారు. దారిన పోయే ఎవరు ఏ వేళప్పుడు తలుపు తట్టినా ఆవిడ వండి పెట్టేవారు. నది దాటి అర్ధరాత్రి వచ్చినవాడు దేవుడే పెట్టాడనుకుని తిని ఉంటాడు, అనుకోనీండి. ఆ అన్నం భర్త జోగన్న గారి పొలంలో పండింది, సీతమ్మ గారి పొయ్యి మీద ఉడికింది. ఆవిడ ఎవరికీ కప్ప కథ చెప్పి పంపించెయ్యలేదు.

ఇదంతా గ్రూపులో పెట్టలేదు. బక్లండ్ కప్పల సంగతి మాత్రం నాలుగు లైన్లలో రాసి పెట్టాను. అరగంట ఎవరూ మాట్లాడలేదు. తర్వాత పెద్దమావయ్య నుంచి వచ్చింది: "ఏరా అబ్బాయ్, మొదటి ఏడాది కొన్ని బతికాయన్నావుగా. మరి వాటికి ఎవరు పెట్టినట్టు?"

"గాజుబిళ్లకి పగులుంది మావయ్యా" అని రాశాను.

"ఆ పగులు ఎవరు పెట్టినట్టు?" అన్నారు ఆయన, దండాల బొమ్మతో సహా.