బాకాకి రంగు ఎన్ని లీటర్లు?

వాదులాడేది ఇద్దరు. మామయ్య ఉద్యోగమంతా కట్టడాలకి కొలతలు వేస్తూ గడిపిన ఓవర్సీరు, కొలతలు రాసుకునే ఎం బుక్కులోకి ఎక్కనిదేదీ నమ్మడు. మేనకోడలు లెక్కలు చెబుతుంది. నా మొగ్గు మేనకోడలి వైపే, దాచుకోను. అయినా మామయ్య మాటలు నేనేమీ కత్తిరించలేదు. కత్తిరిస్తే ఆ అమ్మాయికి జవాబు చెప్పే పనే ఉండదు.

మేనకోడలు: ఒకటి బై ఎక్స్ వక్రరేఖ గీద్దాం మామయ్యా, అడ్డగీత మీద ఎన్నో మీటరు గుర్తో దానితో ఒకటిని భాగిస్తే వచ్చినంత ఎత్తు. ఒకటో మీటరు గుర్తు దగ్గర మొదలుపెట్టి కుడివైపుకి అలా పోతూనే ఉండాలి. దాన్ని అడ్డగీత చుట్టూ ఒక తిప్పు తిప్పితే బాకా వస్తుంది. మూతి దగ్గర వ్యాసార్థం మీటరు, రెండో గుర్తు దగ్గర అర మీటరు, పదో గుర్తు దగ్గర పది సెంటీమీటర్లు. సన్నబడుతూనే ఉంటుంది కానీ ఎక్కడా మూసుకుపోదు. గాబ్రియేల్ బాకా అంటారు దీన్ని. ఇలాంటి ఆకారం అంతులేని పొడవున్నా లోపల పట్టేదానికి అంతుందని 1641లో టొరిచెల్లి తేల్చాడు, బారోమీటరు చేసినాయనే. మన బాకాలో పట్టేది 3.14 ఘనమీటర్లు, అంటే 3,140 లీటర్లు. గోడ వైశాల్యం మాత్రం అనంతం.

మామయ్య: అంటే నింపడానికి 3,140 లీటర్ల రంగు చాలు, పూయడానికి మాత్రం లోకంలో ఉన్న రంగంతా తెచ్చినా చాలదు. నింపితే గోడకి తగలదా? తగిలితే పూసినట్టు కాదా? ఇలాంటి బిల్లు ఏ కాంట్రాక్టరైనా తెస్తే ఆఫీసు గడప తొక్కనిస్తానా?

మేనకోడలు: గడప సంగతి తర్వాత, ముందు కొలత చూడు. బాకాని ముక్కలుగా కోద్దాం. ఒకటో గుర్తు నుంచి రెండు దాకా మొదటిది, రెండు నుంచి నాలుగు దాకా రెండోది, నాలుగు నుంచి ఎనిమిది దాకా మూడోది. ప్రతి ముక్కా ముందుదానికి రెట్టింపు పొడవు, సగం లావు. లావు సగమైతే చుట్టుకొలతా సగమే. చుట్టుకొలత సగం, పొడవు రెట్టింపు, ఒకదానికొకటి చెల్లు. అందుకే ఏ ముక్క కొలిచినా గోడ 4.35 చదరపు మీటర్లకి తగ్గదు. ముక్కలకి అంతు లేదు కాబట్టి గోడకీ అంతు లేదు. ఇక లోపల పట్టేది. లావు సగమైతే అడ్డుకోత నాలుగో వంతుకి పడిపోతుంది. పొడవు రెట్టింపయినా ఆ లోటు పూడదు, సగమే దక్కుతుంది. మొదటి ముక్కలో 1,570 లీటర్లు, రెండో దాంట్లో 785, ఆ తర్వాత దాంట్లో సగం. ఎన్ని ముక్కలు కలిపినా 3,140 దాటదు. ఇందులో ఏ ముక్కయినా సరే, నీ టేపు పెట్టి చూసుకో.

మామయ్య: టేపు పట్టే ముక్కలదాకా ఒప్పుకున్నాను. 33వ ముక్క చివర చూశావా? వ్యాసార్థం మీటరులో 859 కోట్లో వంతు. అక్కడ ఒక పరమాణువు దూరడమే గగనం. అప్పటికి బాకా పొడవు 86 లక్షల కిలోమీటర్లు, గోడ మాత్రం మొత్తం కలిపి 144 చదరపు మీటర్లు. ఇదేనా నీ అనంతం? చేయగలిగిన బాకా అక్కడితో సరి. ఆ తర్వాత ఉన్నది బాకా కాదు, నువ్విచ్చిన మాట.

(ఇది గట్టి దెబ్బే. పాపం ఆ అమ్మాయి కాసేపు పలకలేదు.)

మేనకోడలు: మాటే, ఒప్పుకుంటాను. అయితే నువ్వు గీసే సరళరేఖ కూడా మాటే, దానికీ మందం లేదు. సరే, ఇంకోటి చూపిస్తాను. 1904లో హెల్గె ఫాన్ కోఖ్ అనే గణితజ్ఞుడు ఇచ్చిన గీత. సమబాహు త్రిభుజం తీసుకుని ప్రతి భుజాన్నీ మూడు భాగాలు చేసి, నడిమి భాగం మీద చిన్న త్రిభుజం నిలబెట్టు, కింది గీత చెరిపెయ్. అలా ప్రతి గీతకీ చేస్తూ పో. ఒక్కో విడతకీ చుట్టుకొలత మూడో వంతు పెరుగుతుంది, అంతు లేకుండా. లోపలి వైశాల్యం మాత్రం మొదటి త్రిభుజానికి ఎనిమిది బై అయిదు వంతుల దగ్గర ఆగిపోతుంది.

మామయ్య: అందులో వింతేముంది? ఎంత పొడుగు తాడైనా నలిపి జేబులో కుక్కుకోవచ్చు. గీతకి మందం లేదంటున్నావుగా, ఎంతైనా పడుతుంది.

మేనకోడలు: దొరికావు మామయ్యా! అంతులేని పొడవు కొద్దిపాటి వైశాల్యంలో ఇమిడితే నీకు చీమ కుట్టినట్టయినా లేదు. అంతులేని వైశాల్యం కొద్దిపాటి ఘనపరిమాణంలో ఇమిడితే మాత్రం బిల్లు చింపేస్తావు. రెండూ ఒకటే సంగతి, ఒక మెట్టు పైన. ఇలా చిరాకుపడింది నువ్వొక్కడివే కాదులే. థామస్ హాబ్స్ అంతటి తత్వవేత్త, ఈ బాకా బుర్రకెక్కాలంటే క్షేత్రగణితమూ తర్కమూ తెలియనక్కర్లేదు, పిచ్చి పట్టి ఉంటే చాలన్నాడు.

మామయ్య: బుద్ధిమంతుడు. అయినా ఈ అనంతం వాళ్లు కనిపెట్టిందా? భాస్కరాచార్యుడు 1150లోనే ఖహరం గురించి చెప్పాడు. సున్నాతో భాగిస్తే వచ్చే రాశి, అందులో ఎంత కలిపినా ఎంత తీసినా మారదు, సృష్టిలోనూ ప్రళయంలోనూ మారని అచ్యుతుడిలా అని.

మేనకోడలు: చెప్పాడు. ఒక రాశిని సున్నాతో గుణించి మళ్లీ సున్నాతో భాగిస్తే ఆ రాశే వస్తుందనీ చెప్పాడు. ఆ రెండో మాట నమ్మితే ఒకటీ రెండూ సమానమని రుజువు చేసి నీ పెన్షన్ సగానికి కోసేస్తాను.

మామయ్య: ఆయన్ని తప్పుపట్టేంతదానివయ్యావా?

మేనకోడలు: తప్పుపట్టడం లేదు మామయ్యా. అవధి అనే పనిముట్టు, అంటే ఒక విలువకి దగ్గరవుతూ పోతే చివరికి ఎక్కడికి చేరుతామో తేల్చే పద్ధతి, ఆయన చేతిలో లేదు, అది గట్టిగా కుదురుకున్నది 19వ శతాబ్దంలో. ఆ పనిముట్టు లేకుండా అంత దూరం చూశాడంటే దండం పెట్టాలి. దండం పెడితే లెక్క ఒప్పయిపోదు, అంతే.

మామయ్య: నాలుగు ముక్కలు చదివితే సరి, పెద్దవాళ్లందరూ...

(ఇక్కడ చాలాసేపు భాస్కరాచార్యుడి గొడవే నడిచింది. ఎవరూ తగ్గలేదు. బాకాకి సంబంధం లేదు కాబట్టి వదిలేస్తున్నాను.)

మామయ్య: సరే, రంగు దగ్గరికి రా. ఇంతసేపూ నన్ను ఆడిస్తున్నావు గానీ ఎస్టిమేట్లో అసలు సంగతే రాయలేదు. కోటింగ్ మందం ఎంత? పూసేది లోపలా, బయటా?

మేనకోడలు: అదే మామయ్యా, చిక్కంతా ఆ రెండు ప్రశ్నల్లోనే ఉంది! గోడని కొలిచేది చదరపు మీటర్లలో, రంగుని కొలిచేది లీటర్లలో. మధ్యలో మందం లేకుండా ఒకదాన్నుంచి ఇంకోదానికి దాటలేవు. గోడ అనంతం కాబట్టి రంగూ అనంతం అన్నప్పుడు, అన్నిచోట్లా ఒకే మందం అని చెప్పకుండానే అనేసుకున్నాం. లోపల అది కుదరదు. మందం ఏదైనా చెప్పు, బాకా గొంతు ఎక్కడో ఒకచోట అంతకంటే సన్నమవుతుంది. ఆ పైన పూత పట్టదు, గొంతే నిండిపోతుంది. నింపినప్పుడు గోడకి తగులుతుందా అన్నావు, తగులుతుంది. ఎంత మందాన? ఆ చోట బాకా ఎంత సన్నమో అంతే. ముందుకి పోయినకొద్దీ పలచబడే పూత అది. అలా పలచబడనిస్తే ఒక్క చుక్కతో అంతులేని గోడకి పూయొచ్చు: మొదటి చదరపు మీటరుకి సగం చుక్క, తర్వాతి దానికి పావు, ఆ తర్వాత అందులో సగం, అలా. బాకా ఎవరినీ మోసం చేయలేదు మామయ్యా. రంగు అనగానే మనం డబ్బా మీద రాసినంత మందం ఊహించుకున్నాం.

మామయ్య: మరి బయట? నీ గోడకి మందం లేదన్నావు, లోపలిదే బయటిది. లోపల 3,140 లీటర్లతో రంగు పడిపోయిన గోడకి బయట ఎన్ని పోసినా చాలదా?

మేనకోడలు: ఒకే మందంతో పూస్తే చాలదు, నిజం. లోపలిలాగే పలచన చేస్తూ పో. ఎక్కడ బాకా వ్యాసార్థం ఎంతో బయట పూత కూడా అంతే మందం. అప్పుడు వ్యాసార్థం రెట్టింపు, మొత్తం ఘనపరిమాణం నాలుగింతలు. అందులో లోపలి వంతు తీసెయ్. మూడింతలు, 9,420 లీటర్లు.

మామయ్య: పరమాణువు కంటే పలచనైన పూతని నేను పూత అనను. మీవాళ్లు మా మాటలు ఎత్తుకుపోయి, లోపల సరుకు మార్చేసి, మాకే చూపించి ఆశ్చర్యపొమ్మంటారు. ఆ బంతి సంగతీ అంతేగా? 1924లో బనాఖ్, టార్స్కీ అనే గణితజ్ఞులు చెప్పింది. బంతిని కొన్ని ముక్కలు చేసి, సాగదీయకుండా మళ్లీ పేరిస్తే అంతే సైజు బంతులు రెండు. ఏదీ, ఒక్క ముక్క గీసి చూపించు.

మేనకోడలు: గీయలేను.

మామయ్య: ఎంత ఉంటుందో చెప్పు పోనీ.

మేనకోడలు: దానికి ఘనపరిమాణమే ఉండదు. సున్నా అని కాదు, ఆ మాటే వర్తించదు. ధూళిలా చెదిరి ఉండే బిందువుల గుంపులు అవి. ఉన్నాయని రుజువుంది గానీ ఎలా ఏరాలో చెప్పే పద్ధతి లేదు. ఏరుకోవచ్చు అని ఒక స్వీకృతం, అంటే రుజువు అడక్కుండా ఒప్పుకునే మాట, పెట్టుకుని ముందుకెళతాం.

మామయ్య: బాకాకి ఆ స్వీకృతం కావాలా?

మేనకోడలు: అక్కర్లేదు.

మామయ్య: అదీ సంగతి. రెండింటినీ ఒకే గాటన కట్టి నా మీదికి తోలావు.

మేనకోడలు: బంతి తెచ్చింది నువ్వు మామయ్యా! అయినా అది నాకూ కొరుకుడు పడదు. 1877లో కాంటర్ అనే గణితజ్ఞుడు, చతురస్రంలో ఎన్ని బిందువులున్నాయో దాని ఒక్క భుజం మీదా అన్నే ఉన్నాయని రుజువు చేసి, తోటి గణితజ్ఞుడు డెడెకిండ్‌కి ఉత్తరం రాస్తూ "చూస్తున్నాను, కానీ నమ్మలేకపోతున్నాను" అన్నాడు. ఆయన పరిస్థితే అది.

(మామయ్య ఈ మాటలు విన్నట్టు లేదు. కాగితం మీద ఏదో వేస్తున్నాడు.)

మామయ్య: లోపలికే, ఒకే మందం, 0.1 మిల్లీమీటరు. లీటరుకి పది చదరపు మీటర్లు వస్తుంది. పదో కిలోమీటరు దగ్గర గొంతు కూడా 0.1 మిల్లీమీటరే, అక్కడితో పూత ఆగిపోయింది. అక్కడిదాకా గోడ 59 చదరపు మీటర్లు. ఆరు లీటర్లు. ఆ తర్వాత నీ అనంతమైన గొంతు మొత్తం నింపేద్దాం, ఎంత పడుతుంది?

మేనకోడలు: మిగిలింది 3.14 ఘనమీటర్లలో పదివేలో వంతు... 314 మిల్లీలీటర్లు.

మామయ్య: ఆరున్నర లీటర్లు తెప్పించు. కాస్త మిగులుతుంది కూడా.

మేనకోడలు: ఎన్నేళ్లుగానో ఈ పాఠం చెబుతున్నాను మామయ్యా, ఈ లెక్క ఎప్పుడూ వేయలేదు.

మామయ్య: వేసుకో. బంతిని మాత్రం నా బుక్కులో ఎక్కించను.