మార్గరీట షిర్గును నిలబెట్టింది లోర్కాయేనా?

స్పానిష్ నాటకరంగం మాట వస్తే చాలు, ఒక కథ షేర్ అవుతూ ఉంటుంది. నటి మార్గరీట షిర్గుకు లైఫ్ ఇచ్చింది కవి లోర్కాయేనట. అతని నాటకాలన్నీ మొదట ఆడింది ఆమేనట. అంతర్యుద్ధం మొదలవగానే దేశం వదిలి పారిపోయిందట, దాంతో కెరీర్ కూడా అయిపోయిందట. ఇందులో ఒక్క ముక్కా నిలబడదు.

మొదటి ముక్క మరీ అన్యాయం. షిర్గు 1888లో బార్సిలోనా దగ్గరి మొలిన్స్ ద రేయ్‌లో ఒక కార్మిక కుటుంబంలో పుట్టింది. 1906లో బార్సిలోనాలోని రొమేయా థియేటర్‌లో వృత్తి నటిగా అడుగుపెట్టింది. అప్పటికి లోర్కా ఎనిమిదేళ్ల పిల్లాడు. 1914కల్లా మాడ్రిడ్ చేరింది. చూపు పోయిన వృద్ధ రచయిత గాల్దోస్ చివరి నాటకం 1918లో ఆమె ప్రధాన పాత్రతోనే రంగస్థలం ఎక్కింది.

1926లో లోర్కాతో పరిచయం అయ్యేసరికి ఆమె సొంత కంపెనీ ఉన్న స్టార్. మరి అతనో? 1920లో మాడ్రిడ్‌లో ఆడిన అతని మొదటి నాటకాన్ని జనం గేలిచేసి దింపేశారు. రెండోది ‘మరియానా పినేదా’. రాజును ఎదిరించినవాళ్ల కోసం జెండా కుట్టించిందని 1831లో గ్రనాడాలో మరణశిక్ష పడిన స్త్రీ కథ అది. దేశంలో ప్రిమో ద రివేరా నియంతృత్వం నడుస్తుంటే అలాంటి నాటకంపై డబ్బు పెట్టేదెవరు? షిర్గు పెట్టింది. 1927 జూన్‌లో బార్సిలోనాలో గోయా థియేటర్‌లో ఆడించింది. సెట్లు వేసింది కుర్ర చిత్రకారుడు డాలీ. ఇక్కడ ఎవరు ఎవరికి లైఫ్ ఇచ్చినట్టు?

లోర్కా వల్ల ఆమెకు ఒరిగిందేమీ లేదని నేననను. 1934 డిసెంబర్‌లో అతని నాటకం ‘యెర్మా’ మొదటి ఆట రాత్రి, మాజీ ప్రధాని అసానాతో స్నేహంగా ఉంటుందన్న కోపంతో కొందరు పై గ్యాలరీలోంచి ఆమె మీద అరిచారు. అయినా నాటకం గెలిచింది. కానీ ‘అన్నీ ఆమే’ అనడం తప్పు. లోర్కా నాటకం ‘బోదాస్ ద సాంగ్రే’ (నెత్తుటి పెళ్లి)ను 1933లో మొదట ఆడింది జోసెఫీనా దియాస్ కంపెనీ. అదే ఏడాది జూన్‌లో షిర్గు మెరీదాలోని రోమన్ల నాటి రాతి థియేటర్‌లో సెనెకా ‘మెదియా’ ఆడింది. అనువాదం స్పానిష్ రచయిత ఉనామునోది. ఇప్పుడు అక్కడ ఏటా జరిగే నాటకోత్సవానికి మూలం ఆ ప్రదర్శనే. అందులో లోర్కా ఊసే లేదు.

పారిపోవడం సంగతి తేదీలు చూస్తే తేలిపోతుంది. ఆమె క్యూబా, మెక్సికో టూర్‌కు ఓడ ఎక్కింది 1936 జనవరిలో. యుద్ధం మొదలైంది జూలైలో. ఆగస్టులో లోర్కాను చంపేశారు. వెళ్లింది టూర్‌కే, తిరిగి రావడానికే దారి లేకుండా పోయింది.

ఇక కెరీర్ అయిపోయిందా? మాంటెవిడియోలో ఉరుగ్వే జాతీయ నాటక బృందానికి దర్శకత్వం వహించింది, నగరపాలక నాటక పాఠశాలను నడిపింది. ఆ పాఠశాలకు ఇప్పుడు ఆమె పేరే ఉంది. లోర్కా చనిపోవడానికి కొన్ని వారాల ముందు పూర్తిచేసిన ‘బెర్నార్దా ఆల్బా ఇల్లు’ను 1945లో బ్యూనస్ ఐరిస్‌లో మొట్టమొదట రంగస్థలం ఎక్కించిందీ ఆమే, బెర్నార్దాగా నటించిందీ ఆమే. స్పెయిన్‌లో వాణిజ్య రంగస్థలం మీదికి ఆ నాటకం రావడానికి 1964 దాకా పట్టింది.