బిల్లు గుంతకా, గ్యాసుకా?

చెత్త నుంచి గ్యాస్ అనగానే మన జిల్లాల్లో ముందు శంకుస్థాపన గుర్తుకొస్తుంది, ఆ తర్వాత దొడ్డి వెనుక తుప్పు పట్టిన గోబర్ గ్యాస్ డ్రమ్ము. ట్రాక్టర్లొచ్చి ఎడ్లు పోయాయి, పెండ లేదు, అందుకే మూలపడ్డాయని సర్దిచెప్పుకుంటాం. అది సగమే నిజం. మిగతా సగం ఏమిటంటే, సర్కారు సొమ్ము ప్లాంటు కట్టినందుకు ఇచ్చింది, నడిపినందుకు ఇవ్వలేదు.

డైజెస్టర్, అంటే గ్యాస్ తయారయ్యే మూసిన గుంత, చెత్తకుండీ కాదు, పొట్ట. లోపల రెండు రకాల సూక్ష్మజీవులుంటాయి. ఒక రకం తిండిని ఆమ్లాలుగా మారుస్తుంది. రెండోది ఆ ఆమ్లాలను మీథేన్, అంటే మండే గ్యాస్ చేస్తుంది. మొదటిది గంటల్లో రెట్టింపవుతుంది, రెండోదానికి రోజులు కావాలి. రోజుకు 60 కిలోల మేతకు అలవాటుపడ్డ ప్లాంటులో శ్రావణమాసం పెళ్లి మర్నాడు ఫంక్షన్ హాల్ నుంచి వచ్చిన 300 కిలోల బిర్యానీ దించారనుకోండి. ఆమ్లం పేరుకుని పీహెచ్ 6.5 కిందికి జారుతుంది. బర్నర్ మీద మంట ఎగిరి ఆరిపోతుంది, గ్యాస్ పోగా బయటికొచ్చే పలుచటి ముద్ద, అదే స్లర్రీ, పుల్లకంపు కొడుతుంది. గ్యాస్ తగ్గిందని ఆపరేటర్ ఇంకో రెండు బకెట్లు పోస్తాడు. దాంతో ప్లాంటు చచ్చినట్టే. నిజానికి అప్పుడు చేయాల్సింది మేత ఆపడం. బాగా నడుస్తున్న వేరే ప్లాంటు స్లర్రీ నాలుగు బిందెలు తెచ్చి పోసి, సున్నపుతేట కొద్దికొద్దిగా కలుపుతూ వారం పది రోజులు ఓపిక పట్టాలి.

ఏది వేయాలన్నదీ అంతే ముఖ్యం. నల్లగొండ బత్తాయి మార్కెట్ తుక్కంతా ప్లాంటుకు తోలమనే సలహా వినడానికి బాగుంటుంది. కానీ తొక్క విరిస్తే కంట్లోకి చిమ్మే నూనె ఉందే, అందులోని లిమోనిన్ మీథేన్ చేసే జీవులకు విషం. గుజ్జు వేయొచ్చు. తొక్క మాత్రం మిగతా మేతలో కొంచెం కలిపితే సరే, రోజూ దిమ్మరిస్తే గ్యాస్ పోతుంది. షాద్‌నగర్ వైపు కోళ్లఫారాల ఎరువులో నత్రజని మరీ ఎక్కువ. ఒంటిగా వేస్తే అమ్మోనియా పెరిగి పని ఆగిపోతుంది, పెండతోనో తరిగిన వరిగడ్డితోనో కలపాల్సిందే. ఆ గడ్డిని కూడా తరగకుండా వేస్తే పైకి తేలి తెట్టు కడుతుంది. మిర్యాలగూడ మిల్లుల ఊక జోలికి పోనే వద్దు, అది బాయిలర్‌కు తప్ప ఈ పొట్టకు అరగదు. చెల్క నేలలో ఊడ్చి తెచ్చిన పెండలో ఇసుక ఉంటుంది. అది అడుగున పేరుకుని నాలుగైదేళ్లలో గుంత లోతును మింగేస్తుంది.

పెద్ద ప్లాంటు అయితేనే గిట్టుబాటు అనే వాదన ఉంది. గ్యాస్‌ను శుద్ధి చేసి, 250 బార్ ఒత్తిడితో సిలిండర్లలో నింపి వాహనాలకు అమ్మాలంటే అది నిజమే, చిన్నవాళ్ల వల్ల కాదు. కానీ అలాంటి వాహనాల గ్యాస్ కోసం కేంద్రం 2018లో మొదలుపెట్టిన సతత్ పథకం 2023 నాటికి 5,000 ప్లాంట్లు అంది, దాని దరిదాపుల్లోకి కూడా రాలేదు. పెండలో 80 శాతం నీళ్లే. పెద్ద ప్లాంటు కోసం ముప్పై కిలోమీటర్లు లారీలో మోసేది ఆ నీళ్లనే.

మేత ఎక్కడ శుభ్రంగా, రోజూ ఒకేలా దొరుకుతుందో ప్లాంటు అక్కడే ఉండాలి. 2021 జనవరిలో ప్రధాని మన్ కీ బాత్‌లో చెప్పిన సికింద్రాబాద్ బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ ప్లాంటు కిటుకు అదే. అక్కడికి వచ్చేది కూరగాయల చెత్తే. మన దగ్గర ఆ చోటు గురుకులం. 600 మంది పిల్లలు, తలా వంద గ్రాములు మిగిల్చినా రోజుకు 60 కిలోలు. సుమారు ఆరు ఘనపు మీటర్ల గ్యాస్, అంటే రెండున్నర కిలోల ఎల్పీజీ. దాదాపు వారానికో 19 కిలోల సిలిండర్ తప్పుతుంది. గిన్నెలు తోమిన సబ్బునీళ్లు, ఫినాయిల్ అందులో పడకుండా చూసే మనిషి ఒకడు కావాలి, అంతే. ఆ మనిషి జీతం మాత్రం ఏ ఎస్టిమేట్‌లోనూ ఉండదు. సిమెంటుకు బిల్లుంది, డోముకు బిల్లుంది, రిబ్బన్ కత్తిరించే రోజు షామియానాకూ ఉంది.

అందుకే గ్యాస్ పైపుకు మీటరు పెట్టి, కాంట్రాక్టరుకు సగం సొమ్ము మూడేళ్లపాటు ఆ రీడింగ్ మీదే ఇవ్వాలి.

స్లర్రీ కథ వేరే. రోజూ 50 కిలోల పెండ పడే రెండు ఘనపు మీటర్ల ఇంటి ప్లాంటు నుంచి ఏడాదికి దాదాపు 55 కిలోల నత్రజని బయటికొస్తుంది. రెండున్నర యూరియా బస్తాలతో సమానం. అందులో పెద్ద భాగం అమ్మోనియా రూపంలో ఉంటుంది కాబట్టి ఎండబెడితే గాలికి పోతుంది. పచ్చిగానే కాలువ నీళ్లతో మడికి వదలాలి. రైతు ఎందుకు వదలడంటే, సబ్సిడీ మీద 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలు. అంత చవక సరుకు ముందు స్లర్రీ బిందె మోసే కూలీ కూడా గిట్టదు. 2025 వానాకాలంలో అదే బస్తా కోసం సొసైటీల ముందు చెప్పులు వరసలో పెట్టి నిలబడ్డారు. పెద్ద ప్లాంట్లు అమ్మే సేంద్రియ ఎరువుకు కేంద్రం 2023లో టన్నుకు 1,500 రూపాయల సాయం ప్రకటించింది. దొడ్లో స్లర్రీ పారించే రైతుకు మాత్రం పైసా లేదు.