వనభోజనాల నుంచి తిరిగెళ్ళిన డబ్బా

మన తెలుగు సంఘం కార్తీక వనభోజనాలకు బెంగళూరు కనకపుర రోడ్డు తోటకు వచ్చినవాళ్ళకు ఆ స్టీలు డబ్బా సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. పులిహోర, గారెలు, గుమ్మడికాయ దప్పళం, చక్కెర పొంగలి, కేకు వరసలో చిట్టచివర పెట్టారు దాన్ని. లోపల ముప్పై స్కోన్లు, టీతో తినే చిన్న రొట్టెలు. మన ఆదివారం తెలుగు తరగతిలో అఆలు దిద్దుకున్న అమ్మాయే పాలు, వెన్న, గుడ్డు ఏవీ లేకుండా చేసి తెచ్చింది. వడ్డన మొదలవగానే ఒక పెద్దాయన ఒకటి కొరికి చూసి, మైకు అందుకుని, "పాలివ్వని బర్రె, పాల్లేని బన్ను రెండూ ఒకటే" అన్నారు. తోటంతా నవ్వింది. స్కోను మన వంట కాదని, పాలు లేనిది మన తిండే కాదని కొందరు అందుకున్నారు. అందరికీ ఎన్ని రకాలని వండగలమని కార్యవర్గం వాపోయింది. సాయంత్రం ఆ డబ్బా ఇరవై ఏడు స్కోన్లతో బస్సెక్కింది.

ఆ మాటలకు జవాబు చెప్పాలి. మొదట ఒప్పుకోవలసింది ఒప్పుకుందాం: ఆ స్కోన్లు గట్టిగానే ఉన్నాయి. కానీ వాటిని చెడగొట్టింది పాలు లేకపోవడం కాదు. ముందురోజు రాత్రి కాల్చి, వేడి మీదే డబ్బాలో పెట్టి మూత బిగించారు. లోపలి ఆవిరి బయటికి పోలేక పైపొరను తోలులా చేసింది, మర్నాడు మధ్యాహ్నానికి లోపలి మెత్తదనం ఎండిపోయింది. వెన్న, పాలు పోసి చేసిన స్కోను అయినా ఆ డబ్బాలో ఆ గతే పట్టేది. స్కోనుకు ఆయుష్షు ఒక్కపూట. పొద్దున కాల్చినది సాయంత్రానికి తినేయాలి.

స్కోను స్కాట్లండ్ వంట. ఈస్టు లేని చిన్న రొట్టె. మొదట్లో పెనం మీద కాల్చేవారు. బేకింగ్ పౌడర్ వచ్చాక ఓవెన్‌లో ఎత్తుగా పొంగే స్కోను పుట్టింది. టీతో, జాంతో, మీగడతో తింటారు. చేయడం కష్టమేమీ కాదు, ముప్పావు గంట పని. మన జంతికల పిండి తెలిసినవాళ్ళకు దీని రహస్యం సగం తెలిసినట్టే. జంతికలు గుల్లగా రావాలని వరిపిండిలో వేడినూనో వెన్నో పోసి కలుపుతాం కదా, పిడికిట పడితే ముద్ద నిలిచి, నొక్కితే విడిపోవాలి. స్కోనులోనూ కొవ్వుకు అదే పని. పిండి రేణువుల చుట్టూ పొరలా పట్టుకుని, మైదాలో సాగుడు పుట్టకుండా అడ్డుపడుతుంది. తేడా ఒక్కటే, ఇక్కడ కొవ్వు వేడిగా కాదు, చల్లగా, గడ్డగా ఉండాలి.

ఎనిమిది స్కోన్లకు మైదా 300 గ్రాములు, బేకింగ్ పౌడర్ సమంగా గీసి మూడు టీస్పూన్లు, పంచదార 40 గ్రాములు, ఉప్పు అర టీస్పూను, గడ్డకట్టిన కొబ్బరినూనె 75 గ్రాములు, తీపి కలపని సోయా పాలు 175 మిల్లీలీటర్లు, నిమ్మరసం ఒక టేబుల్ స్పూను. తినే సోడా కూడా కొందరు వేస్తారు. అవసరం లేదు, కాస్త ఎక్కువైతే సబ్బు నాకినట్టుంటుంది.

బెంగళూరులో డిసెంబరు పొద్దున కొబ్బరినూనె సీసాలోంచి నూనె రాక అవస్థపడని ఇల్లుండదు. ఆ నూనె దాదాపు 24 డిగ్రీల దగ్గర కరుగుతుంది. స్కోన్లకు చలికాలం మనకు వరం. ఏప్రిల్‌లోనో, ఏడాది పొడుగునా చెన్నైలోనో చేసేవాళ్ళు మాత్రం నూనెను పళ్ళెంలో పలచగా పోసి ఫ్రిజ్‌లో ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు పెట్టాలి. పిండి గిన్నె కూడా పక్కనే పెడితే మంచిది. నూనె రాయిలా బిగిస్తే తురుముకోవచ్చు. కరిగిన నూనె పోస్తే మాత్రం అది మైదాలో ఇంకిపోయి, స్కోను అడుగున జిడ్డు తేలి, పైన బిస్కెట్టులా చదునుగా మిగులుతుంది.

సోయా పాలలో నిమ్మరసం పిండి పది నిమిషాలు వదిలేయండి. విరిగి మజ్జిగలా చిక్కబడుతుంది. ఈ పులుపు బేకింగ్ పౌడర్‌కు కొంత సాయం, రుచికి చాలా సాయం. సోయా పచ్చివాసన నచ్చనివాళ్ళు రెండు యాలకులు దంచి వేసుకోవచ్చు. చిక్కటి కొబ్బరిపాలు కూడా పనికొస్తాయి, కాకపోతే వాటిలో కొవ్వు ఎక్కువ కాబట్టి నూనెను 60 గ్రాములకు తగ్గించాలి. అవి సోయా పాలలా విరగవు, కంగారు పడకండి.

మైదా, బేకింగ్ పౌడర్, పంచదార, ఉప్పు రెండుసార్లు జల్లించి, అందులో నూనె గడ్డల్ని ఫోర్కుతో చిదమండి. చేతివేళ్ళ వేడికి నూనె కరుగుతుంది, అందుకే ఫోర్కు. పిండి బొంబాయి రవ్వలా అయి, అక్కడక్కడ శనగపప్పు బద్దంత పలుకులు కనిపించాలి. ఆ పలుకులే ఓవెన్‌లో కరిగి పొరలకు చోటు ఇస్తాయి. మధ్యలో గుంట చేసి పాలన్నీ ఒక్కసారే పోసి, గరిటెతో పది పన్నెండు సార్లు తిప్పితే చాలు. ముద్ద చేతికి కాస్త అంటుకుంటూ, గరుకుగా, అందవిహీనంగా ఉంటుంది. ఉండనివ్వండి.

మన చేతుల అలవాటు మనల్ని చెడగొట్టేది ఇక్కడే. బొబ్బట్ల పిండిని సాగాలని ఎంత మర్దిస్తామో, చపాతీ పిండిని నునుపు రావాలని ఎంత పిసుకుతామో అందరికీ తెలుసు. గరుకు ముద్దను చూస్తే చెయ్యి ఆగదు. ఆగాలి. పిసికిన కొద్దీ మైదాలోని గ్లూటెన్ అనే సాగే ప్రోటీన్ బిగుసుకుని స్కోను బంతిలా అవుతుంది. బల్ల మీద పొడిపిండి చల్లి, ముద్దను అరచేత్తో తట్టి, పుస్తకం మూసినట్టు మడిచి, మళ్ళీ తట్టి, ఇంకోసారి మడవండి. అంతే. అప్పడాల కర్ర తీయొద్దు.

మందం రెండున్నర సెంటీమీటర్లు ఉండాలి. మన కంటికి ఇది మరీ ఎక్కువనిపిస్తుంది, గారె మందానికి తట్టేస్తాం. పలచటి ముద్ద లేచి ఎంత లేస్తుంది? ఆరు సెంటీమీటర్ల అచ్చుతో, లేదంటే పదునైన అంచున్న చిన్న స్టీలు గ్లాసుతో, తిన్నగా కిందికి నొక్కి తిన్నగా పైకి తీయండి. తిప్పితే అంచులు మూసుకుపోయి స్కోను ఒక పక్కకు ఒరిగిపోతుంది. మిగిలిన ముక్కల్ని పిసకకుండా పక్కపక్కన చేర్చి మళ్ళీ కోయండి. పైన సోయా పాలు పూయండి కానీ పక్కలకు కారనివ్వొద్దు, కారితే అక్కడ అతుక్కుని పొంగదు. వేలెడు ఎడంతో పళ్ళెంలో సర్దితే ఒకదానికొకటి ఆసరాగా నిటారుగా లేస్తాయి. ఓవెన్ వేడెక్కే లోపు పళ్ళెం పది నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచండి.

మామూలు ఓటీజీలో, అంటే బల్ల మీద పెట్టుకునే కరెంటు ఓవెన్‌లో, పైరాడ్డు, కిందిరాడ్డు రెండూ వేసి 220 డిగ్రీలకు కనీసం పావుగంట ముందే వేడి చేయాలి. ఫ్యాను తిరిగే కన్వెక్షన్ అయితే 200 చాలు. పదమూడు నుంచి పదిహేను నిమిషాలు. పైన బంగారు రంగు రావాలి, పక్కన వేలితో నొక్కితే తిరిగి లేవాలి. పైన మాడి లోపల పచ్చిగా ఉంటే ఓవెన్ ముల్లు చెప్పేదొకటి, లోపలి వేడి ఇంకొకటి అన్నమాట. చిన్న ఓవెన్ థర్మామీటరు కొనుక్కుంటే ఆ తంటా తప్పుతుంది. పాలిపోయి చదునుగా వస్తే బేకింగ్ పౌడర్‌ను అనుమానించండి. వేడినీళ్ళలో అర చెంచా వేయగానే బుసబుసా పొంగకపోతే డబ్బా పారేయాల్సిందే.

ఓవెన్ లేని ఇంట్లో పాతకాలపు స్కాట్లండ్ పద్ధతే దారి. ఒకటిన్నర సెంటీమీటరు మందంలో కోసి, దళసరి ఇనప పెనం మీద సన్నటి సెగన మూతపెట్టి, ఒక్కో వైపు ఆరేడు నిమిషాలు. కమ్మగానే ఉంటాయి.

మైదా వద్దనేవాళ్ళు సగం గోధుమపిండి వేసుకుని, పాలు రెండు టేబుల్ స్పూన్లు పెంచాలి. 300 గ్రాముల్లో 50 గ్రాములు రాగిపిండి కలిపితే మంచి మట్టివాసన, మంచి రంగు. రాగిలో గ్లూటెన్ ఉండదు కాబట్టి అంతకు మించితే పొడిపొడి అవుతుంది. ఈ ఊరి ఖారా బన్ను రుచి మరిగినవాళ్ళు పంచదారను ఒక చెంచాకు తగ్గించి పచ్చిమిర్చి, కొత్తిమీర, జీలకర్ర వేయండి. కార్తీకం కాకపోతే సన్నగా తరిగిన ఉల్లిపాయ కూడా. నా ఓటు దీనికే.

ఇక మాటకు మాట. మన భోజనానికి ముద్దపప్పు మీద నెయ్యి, చివర్న గడ్డపెరుగు ఎంత ముఖ్యమో చెప్పనక్కర్లేదు. వాటిని ఎవరూ తీసేయమనడం లేదు. చక్కెర పొంగలి నేతితోనే ఉండాలి. స్కోను మన వంట కాదన్న మాటా నిజమే. అయితే అదే వరసలో ఉన్న కేకును ఎవరూ మైకులో వెక్కిరించలేదు. కాలిఫ్లవర్ మంచూరియా మన వంటని ఎవరైనా అంటారా? అందరికీ ఎన్ని రకాలని వండగలం అన్న కార్యవర్గం బాధ మాత్రం న్యాయమైనది. వంటకు వచ్చే చేతులు ఆరో ఏడో, తినేవాళ్ళు రెండు వందల మంది.

కానీ విడిగా వండిపెట్టడం మనకు కొత్తా? ఉల్లి, వెల్లుల్లి ముట్టని అత్తయ్యకు వేరే గిన్నె పెడతాం. ఉపవాసం ఉన్న బామ్మకు ఉప్పుపిండి చేస్తాం. షుగరున్న బాబాయికి చక్కెర లేని టీ అడగకుండానే అందుతుంది. వాళ్ళెవరినీ కారణం అడగం, కారణం మనకు నచ్చకపోయినా నవ్వం. పాలు వద్దన్న అమ్మాయి దగ్గరికి వచ్చేసరికే ఆ మర్యాద ఎందుకు తప్పింది? ఆవుల మీద దయతో మానినవాళ్ళుంటారు, పాలు అరగక మానినవాళ్ళుంటారు, పాలు పడక ఒళ్ళంతా దద్దుర్లు లేచే పసివాళ్ళుంటారు. ఎవరైనా మన పంక్తిలో కూర్చున్నవాళ్ళే.

అసలు పాలు లేనిది మన తిండి కాదన్న మాటే తప్పు. ఆ రోజు విస్తట్లో నువ్వులనూనె పులిహోర, గారెలు, దప్పళం, ఆవకాయ, వీటిలో దేంట్లో పాలున్నాయి? వేపపువ్వు, కొత్త చింతపండు, బెల్లం, మామిడి, ఉప్పు, కారం కలిపే ఉగాది పచ్చడిలో చుక్క పాలు లేవు. ఏడాదిని మనం మొదలుపెట్టేదే దానితో.

కార్యవర్గానికి నా మనవి చిన్నది. గిన్నెల ముందు చీటీలు పెట్టండి: పాలు ఉన్నాయి, లేవు. గరిటెలు కలపకండి, పాలు పడని పిల్లలకు ఒక్క గరిటె నెయ్యి కూడా చేటే. ప్యాకెట్టు మీద పచ్చచుక్క చూసి మోసపోకండి. పచ్చచుక్క శాకాహారానికి గుర్తు, పాలపొడి ఉన్నా అదే చుక్క వేస్తారు. ఈ ఊరి అయ్యంగార్ బేకరీల సరుకులో మామూలుగా గుడ్డుండదు కానీ పాలు, వెన్న ఉండొచ్చు. వెన్నకు బదులు వాడే మార్జరిన్‌లోనూ కొన్నిట్లో పాల పదార్థం ఉంటుంది, వెనక చిన్న అక్షరాలు చదవాలి. పాలు, గుడ్డు, మాంసం ఏవీ లేని వీగన్ ఆహారానికి వేరే ముద్ర ఉండాలని ఆహార భద్రతా సంస్థ 2022లో నిబంధనలు తెచ్చింది, ఆ ముద్ర ఉన్నవాటిలో పాల పదార్థాలు కలపరు.

రెండోది, ఈ ఉగాదికి పంచాంగ శ్రవణానికీ కవి సమ్మేళనానికీ మధ్య టీ వేళ ఆ అమ్మాయి చేతే స్కోన్లు చేయిద్దాం. ఈసారి సరైన పద్ధతిలో. ఉగాది నాటికి ఎండ ముదిరి కొబ్బరినూనె కరిగే ఉంటుంది కాబట్టి ముందురోజు రాత్రే పిండి కలిపి, కోసి, పళ్ళెంలో పరిచి ఫ్రీజర్‌లో పెట్టాలి. గట్టిపడ్డాక సంచిలోకి మార్చుకోవచ్చు. మర్నాడు కరగనివ్వకుండా నేరుగా ఓవెన్‌లోకి, మామూలు కంటే మూడు నాలుగు నిమిషాలు ఎక్కువ. నలభై ఎనిమిది స్కోన్లకు ఆరు వాయిలు, ఓటీజీ పళ్ళేనికి ఎనిమిది పడతాయి. వాయికి ఇరవై నిమిషాల చొప్పున రెండు గంటలు. ఐదున్నర టీకి రెండున్నరకల్లా ఓవెన్ వెలగాలి. దించినవి జల్లెడ మీద ఇరవై నిమిషాలు ఆరనిచ్చి, గుడ్డ పరిచిన వెదురు బుట్టలో తేవాలి. స్టీలు డబ్బా వద్దు. పక్కన ఉసిరికాయ జాం, నానబెట్టిన జీడిపప్పు 100 గ్రాములకు 60 మిల్లీలీటర్ల నీళ్ళు, చిటికెడు ఉప్పు, నాలుగు చుక్కల నిమ్మరసం వేసి రుబ్బిన మీగడ.

హాలుకు పది నిమిషాల దూరంలో ఓవెన్ ఉన్న ఇల్లు ఎవరిదైనా ఉంటే కార్యవర్గానికి ఇప్పుడే చెప్పండి. ఆ అమ్మాయికి పిలుపు మాత్రం మైకులో ఆ మాట అన్న పెద్దాయనే స్వయంగా ఫోను చేసి చెప్పాలని నా కోరిక.