టైర్లో గాలి ఎంతో తేల్చడానికి కంపెనీ ఎవరు?

కార్లు తయారుచేసే కంపెనీలకు పొగరెక్కువ. ఒక మోడల్‌ను టెస్ట్ ట్రాకుల మీద అరిగేదాకా తిప్పి, ముందు చక్రాల మీద బరువెంత, వెనక ఎంత, డిక్కీ నిండితే ఎంత అని లెక్కలు కట్టి, టైర్లలో గాలి ఎంతుండాలో వాళ్లంతట వాళ్లే తేల్చేసి, డ్రైవరు తలుపు తీస్తే కనిపించేలా స్టిక్కరు అంటించేస్తారు. బంకులో గాలి కొట్టే కుర్రాడిని ఒక్క మాట అడిగారా? పోనీ, మా బావగారిని?

మన దగ్గర ఈ నియంతృత్వం చెల్లదు. కుర్రాడు పైపు లాక్కుంటూ వచ్చి "ఎంత సార్?" అంటాడు. మనం అద్దం సగం దించి, ఫోన్లోంచి తలెత్తకుండా "నువ్వే చూసి కొట్టు" అంటాం. అతను చూసేదేమీ ఉండదు, మీటరు మీద 35 పాయింట్లు (పీఎస్ఐ) కొడతాడు. చిన్న కారుకీ 35, ఏడుగురు ఎక్కే బండికీ 35, ముందు టైరుకీ వెనక టైరుకీ తేడా లేకుండా 35. ఇంతటి సమానత్వాన్ని ఏ పార్టీ అయినా మేనిఫెస్టోలో పెట్టగలిగిందా?

ఎండాకాలం వచ్చిందంటే పెద్దలు రంగంలోకి దిగుతారు. "ఎండలు ముదిరాయి, రెండు పాయింట్లు తగ్గించి కొట్టించు, లేకపోతే పేలుద్ది" అంటారు. గాలి తగ్గితే టైరు పక్కభాగం చక్రం తిరిగిన ప్రతిసారీ నలిగి, ఆ నలుగుడుకే ఇంకా వేడెక్కి, ఔటర్ మీద 120లో పోతున్నప్పుడు పేలే ప్రమాదం పెరుగుతుందని ఇంజినీర్లు మొత్తుకుంటారనుకోండి. కానీ వాళ్లు మన బావగారి కంటే పెద్దవాళ్లా?

పైగా టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి చూడాలట, బండి కనీసం మూడు గంటలు ఆగి ఉండాలట. అంటే పొద్దున్నే లేచి, దగ్గర్లో ఉన్న బంకుకి మెల్లగా పోవాలన్నమాట. మనమేమో విజయవాడ నుంచి బయల్దేరి, సూర్యాపేట దాటాక టీ తాగుతూ, కాలిపోతున్న టైర్లకు మీటరు పెట్టిస్తాం. అది మామూలు కంటే మూడు నాలుగు పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది. "అమ్మో, ఎక్కువుంది, తీసెయ్" అని బుస్సుమనిపిస్తే మర్నాడు టైర్లు చల్లారేసరికి ఉండాల్సిన దానికంటే తక్కువే మిగులుతుంది. అప్పుడేమంటాం? ఆ బంకు వాడి మీటరు మోసం అంటాం.

ఇక చదువుకున్నవాళ్లుంటారు. వీళ్లు కిందికి వంగి టైరు మీదున్న సన్నటి అక్షరాలు చదివి "మ్యాక్స్ 51 అని రాసుంది బ్రో" అని అంతా కొట్టిస్తారు. అది ఆ టైరు తట్టుకోగల గరిష్ఠం, మీ బండికి కావాల్సింది కాదు. అంత గాలితో టైరు నడిమధ్యలో అరుగుతుంది, వానలో పట్టు తగ్గుతుంది, నడుముకి గతుకుల లెక్క అణాపైసలతో సహా అందుతుంది.

వీళ్లను మించినవాళ్లు నైట్రోజన్ భక్తులు. బంకులో ఊరికే కొట్టే గాలిలో 78 శాతం నైట్రోజనే. మిగతా దాని కోసం పంక్చర్ షాపులో టైరుకింత అని కట్టి, వాల్వు మీద ఆకుపచ్చ మూత పెట్టించుకుని, పక్కింటివాళ్లకు కనపడేలా పార్క్ చేస్తారు. ఆ మూత అందం ఆ మూతదే, కాదనను.

బైకుల వాళ్లకు మాత్రం నిజంగానే అన్యాయం జరిగింది. కంపెనీ వాడు వెనక టైరుకి ఒక్కరెక్కితే ఇంత, ఇద్దరెక్కితే ఇంత అని రెండే లెక్కలిచ్చాడు. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, మధ్యలో పాతిక కేజీల బియ్యం మూట ఉంటే ఎంత కొట్టాలో ఏ మాన్యువల్లోనూ లేదు.

అన్నట్టు స్టెప్నీ. నాలుగు టైర్లకైనా అప్పుడప్పుడు గాలి దక్కుతుంది కానీ, డిక్కీలో ఉన్న ఐదోదాని మొహం షోరూమ్ తర్వాత చూసినవాడు లేడు. కొన్ని కార్లలో ఇచ్చే సన్నటి స్టెప్నీకైతే 60 దాకా ఉండాలి. అందులో గాలి ఉందా అని ఓనర్ని అడిగి చూడండి, ఛాతీ విరుచుకుని చెప్తాడు: "ఎందుకుండదు, ఇప్పటిదాకా ఒక్కసారి కూడా వాడలేదు!"