చేప ఎందుకు ఎండలేదో పిల్లల్ని చెప్పనివ్వండి

రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకెళ్ళి ఏడు చేపలు తెచ్చారు. ఎండబెడితే ఒకటి ఎండలేదు. ఇక్కడిదాకా చెప్పి ఆగండి. గోదావరి మధ్యలోని లంక ఊళ్ళో అయినా, అమలాపురం అపార్ట్‌మెంట్‌లో అయినా, కథ విని పెరిగిన ఐదేళ్ళ పిల్ల మిగతాది అందుకుంటుంది. గడ్డిమోపు అడ్డొచ్చింది, ఆవు మేయలేదు, పాలేరు మేపలేదు, అవ్వ బువ్వ పెట్టలేదు, పాప ఏడ్చింది, చీమ కుట్టింది. పుట్టలో వేలు పెడితే కుట్టదా మరి! జరిగిన ప్రతిదాని వెనకా ఒక 'ఎందుకు' ఉంటుందని ఆ పిల్లకు తెలుసు. కథ అర్థం కావడమంటే ఇదే.

అదే పిల్ల మూడో తరగతిలో వరద గురించి రాయమంటే 'వరద వచ్చింది. నీళ్ళు వచ్చాయి. సెలవు ఇచ్చారు' అని రాసి పెన్సిల్ పెట్టేస్తోంది. నోటితో చెప్పమనండి. గేదెను ఏటిగట్టు మీదికి ఎలా తోలారో, 1986 వరద చూసిన తాతయ్య ఈసారి ఎందుకు ముందే మూటలు కట్టించాడో, నాటు పడవ ఎక్కేటప్పుడు అమ్మ ఎందుకు ఏడ్చిందో పూసగుచ్చినట్టు చెబుతుంది. నోట్లో ఉన్న కథ కాగితం మీదికి రావడం లేదు. ఎందుకంటే రాయడమంటే బోర్డు మీదది దించడమని మనమే అలవాటు చేశాం. 'సొంత మాటల్లో రాయండి' అన్న ప్రశ్నకూ గైడులో జవాబు దొరుకుతోంది. పిల్లలు దాన్నే బట్టీ పడుతున్నారు.

2021 జులైలో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్, 2026-27 కల్లా మూడో తరగతి పూర్తయ్యే ప్రతి బిడ్డా అర్థం చేసుకుని చదవాలని, రాయాలని లక్ష్యం పెట్టుకుంది. నిమిషానికి కనీసం 60 పదాలు చదవాలన్న కొలతా అందులో ఉంది. వేగం అవసరమే, కాదనం. కానీ లెక్కపెట్టడానికి వీలైనదే బడిలో ముందుకొస్తుంది, కథ వెనక్కి పోతుంది.

నోట్లోని కథను కాగితం మీదికి తేవడం ఖర్చుతో కూడిన పని కాదు. ముందు చెప్పించాలి. తర్వాత నాలుగు గళ్ళలో నాలుగు బొమ్మలు గీయించాలి. బొమ్మకీ బొమ్మకీ మధ్య వేలుపెట్టి 'ఇది ఎందుకు జరిగింది?' అని అడగాలి. రాయడం రాని బిడ్డ చెబుతుంటే టీచరే ఆ మాటల్ని ఉన్నవి ఉన్నట్టు రాసి, తిరిగి చదివి వినిపించాలి. తన మాట అక్షరమైందని బిడ్డకు తెలిసే క్షణం అది. ఇద్దరు టీచర్లతో అయిదు తరగతులు నడిపే బడిలో ఇది కష్టమని మాకు తెలుసు. అక్కడ పెద్ద పిల్లలు చిన్నవాళ్ళ కథలు రాసిపెట్టవచ్చు.

ఎర్ర సిరాను మాత్రం మొదటి రోజే తీయవద్దు. ఇంట్లో మాట్లాడే యాస రాతలోకి వస్తే రానివ్వాలి. వాడుక భాష కోసం జీవితాంతం పోరాడిన గిడుగు రామమూర్తి జయంతిని ఏటా ఆగస్టు 29న జరుపుకుంటున్నాం. అదే వారంలో, ఇంటి మాట రాసిన పాపానికి బిడ్డ నోటుబుక్కులో తప్పు గీత పడకూడదు. వర్ణక్రమం దిద్దడానికి తర్వాత సమయం ఉంటుంది.

జులై, ఆగస్టుల్లో గోదావరి పోటెత్తితే లంక బడులు మూతపడతాయి. వరద తీశాక తెరిచిన రోజు మిగిలిపోయిన సిలబస్ టెన్షన్ టీచర్లకు ఉంటుంది. అయినా ఆ మొదటి పీరియడ్ పిల్లలకు ఇవ్వాలని, పాఠ్యపుస్తకం తెరవకముందే ఎవరింట్లో ఏం జరిగిందో చెప్పించాలని, ఆ మధ్యాహ్నమే రాయించాలని, దీనికి విద్యాశాఖ రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలని కోరుతున్నాం.